లిథియం లెవల్ 1.3 వచ్చింది, మందు ఆపేయాలా?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది, మిగతావాళ్ల కోసం కుదించి చెప్తాను. గుంటూరు. తమ్ముడికి 28 ఏళ్లు, మిర్చి యార్డులో కమీషను కొట్టు గుమాస్తా. బైపోలార్, అంటే మనసు అతి హుషారుకీ కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బు. రెండుసార్లు మేనియా (అతి హుషారు దశ) వచ్చింది, మధ్యలో ఒకసారి డిప్రెషన్. పద్నాలుగు నెలలుగా, ఆ జబ్బును అదుపులో పెట్టే లిథియం 900 మి.గ్రా. మీద ఉన్నాడు, పొద్దున ఒక 300, రాత్రి రెండు. మనిషి బాగున్నాడు. ఏప్రిల్ నుంచి చేతులు సన్నగా వణుకుతున్నాయి. మొన్న రక్తపరీక్షలో లిథియం లెవల్ 1.3 అని, పక్కన ఎర్రగా హై అని వచ్చింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9. కిడ్నీలు పోతాయి, ఆపేయండని మేనమామ గారు పట్టుబడుతున్నారు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి మీకూ ఆపేయాలనే ఉంది.

నేరుగా జవాబు: మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. ఆ 1.3ను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఎనిమిదింటికి టిఫిన్ చేసి పొద్దుటి మాత్ర వేసుకుని, పదిన్నరకి రక్తం ఇచ్చాడని మీరే రాశారు. అలా తీసిన లెవల్‌కి అర్థం లేదు. అయితే మీ ప్రశ్న చివర్లో ఇంకో ముక్క ఉంది. బస్తాలు సర్దినప్పుడు నడుం పట్టేసిందని, పది రోజులుగా మెడికల్ షాపులో ఎసెక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొనుక్కుని వాడుతున్నాడట. ఆ 1.3 కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. అంకె తప్పు పద్ధతిలో తీసిందే అయినా, లెవల్ నిజంగా పెరగడానికి కారణం కూడా ఇంట్లోనే ఉందన్నమాట.

కాబట్టి ఇవాళ నొప్పి మాత్ర ఆపించండి. మందు రాసిన సైకియాట్రిస్టుకు ఇవాళే ఫోన్ చేసి, రక్తం ఇచ్చిన సమయం, నొప్పి మాత్ర, వణుకు మూడూ చెప్పండి. రాత్రి మాత్రలు ఎన్ని వేయాలో ఆయన్నే అడగండి. రేపు పొద్దున సరైన పద్ధతిలో మళ్లీ లెవల్, దాంతోపాటు క్రియాటినిన్, సోడియం, పొటాషియం చేయించండి. ఈలోగా వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడుస్తుంటే తూలడం, పగలు కూడా మత్తుగా పడి ఉండటం, కండరాలు ఎగిరెగిరి పడటం, వీటిలో ఏది కనిపించినా ఫోన్లు, అపాయింట్‌మెంట్లు వద్దు. మాత్ర ఆపి నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లి, లిథియం వాడుతున్నాడని మొదటి మాటగా చెప్పండి.

ఇక కారణాలు.

సరైన పద్ధతి అంటే పన్నెండు గంటలు. లెవల్ ఎప్పుడు తీసినా, ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు తీయాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి రక్తం. అరగంట అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. పొద్దుటి మాత్రను జేబులో పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. పరగడుపున ఉండక్కర్లేదు, టిఫిన్ తినొచ్చు. మామూలు 300 మాత్ర మింగాక ఒకటి నుంచి మూడు గంటల్లో రక్తంలో లిథియం శిఖరానికి వెళ్తుంది. మీ తమ్ముడు సరిగ్గా ఆ శిఖరం మీద రక్తం ఇచ్చాడు. రిపోర్టులో వేసే 0.6 నుంచి 1.2 అనే హద్దులు పన్నెండు గంటల లెవల్‌కి గీసినవి. వేరే వేళ తీసిన లెవల్‌ని వాటితో పోలిస్తే, పొద్దున పదింటికి నీడ కొలిచి మనిషి పొడుగు ఇంత అన్నట్టు ఉంటుంది.

మేనియా తగ్గి నిలకడగా ఉన్నవాళ్లకు చాలామందిలో 0.6 నుంచి 0.8 మధ్య సరిపోతుంది. మేనియా ఉధృతంగా ఉన్నప్పుడు 0.8 నుంచి 1.0 దాకా తీసుకెళ్తాం. సాధారణంగా 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి, 2 దాటితే ప్రమాదం. పెద్ద వయసువాళ్లలో ఇంకా తక్కువ దగ్గరే మొదలవుతాయి. పని చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఇంత ఇరుకు సందు ఉన్న మందులు తక్కువ. ఈ పరీక్షల గోలంతా అందుకే.

ల్యాబులో జరిగే ఇంకో పొరపాటు డాక్టర్లనూ బోల్తా కొట్టిస్తుంది. రక్తం తీసే గొట్టాల్లో ఆకుపచ్చ మూత ఉన్నవాటిలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ పూస్తారు. చాలావాటిలో అది లిథియం హెపారిన్. అంటే గొట్టంలోనే లిథియం ఉంది! లెవల్ ఉన్నదాని మీద ఇంకో 1 నుంచి 4 దాకా దొంగతనంగా పెరిగి కనిపిస్తుంది. నిక్షేపంగా నడిచి వచ్చిన మనిషికి 3.2 అని రిపోర్టు వస్తే మొదట అడగాల్సింది మూత రంగు. లిథియం పరీక్షకి ఎర్ర మూతగానీ పసుపు మూతగానీ ఉన్న గొట్టం వాడాలి. సూది గుచ్చకముందే చూసి అడగండి, మొహమాటం వద్దు. చిన్న ల్యాబులు ఈ పరీక్ష తాము చేయక శాంపిల్ బయటికి పంపుతాయి, రిపోర్టుకి ఒకట్రెండు రోజులు పట్టొచ్చు. మీ తమ్ముడి విషయంలో అదే రోజు రిపోర్టు ఇచ్చే చోటు చూసుకోండి.

ఇంకొకటి. మోతాదు మార్చిన మర్నాడే లెవల్ తీయడం దండగ. కొత్త మోతాదు రక్తంలో కుదురుకోవడానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది.

వేసవిలోనే ఎందుకు? వణుకు ఏప్రిల్లో మొదలైందని మీరు రాయగానే సగం సంగతి అర్థమైంది. లిథియాన్ని లివరు ముట్టుకోదు. లోపలికి వెళ్లింది వెళ్లినట్టే కిడ్నీ గుండా బయటికి రావాలి. మూలకాల పట్టికలో లిథియం, సోడియం ఒకే కుటుంబం. కిడ్నీకి రెంటికీ తేడా పెద్దగా తెలియదు. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే కిడ్నీ పొదుపు మొదలుపెట్టి ఉప్పులోని సోడియాన్ని వెనక్కి లాక్కుంటుంది, దాంతోపాటు లిథియాన్నీ లాక్కుంటుంది. మాత్రలు మారవు, లెవల్ మాత్రం పెరుగుతుంది. మన దగ్గర మిర్చి సీజను సరిగ్గా ఎండల్లోనే పడుతుంది. యార్డులో రేకుల కింద, ఆ ఘాటులో, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చెమట ధారగా కారే మనిషికి జనవరిలో సరిపోయిన 900 మేలో ఎక్కువ కావచ్చు.

ఉప్పుకీ లిథియానికీ ఉన్న ఈ లంకె ఎంత గట్టిదో 1949లో తెలిసింది. ఆ ఏడాదే ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మేనియాకి లిథియం పనిచేస్తుందని ప్రకటించాడు. అదే సమయంలో అమెరికాలో గుండెజబ్బువాళ్లకి ఉప్పు మాన్పించి, దాని బదులు లిథియం క్లోరైడ్‌ను కూరల్లో చల్లుకోమని అమ్మారు. ఉప్పు లేని ఒంట్లోకి కొలత లేని లిథియం వెళ్లింది. మరణాలు సంభవించి అమ్మకం ఆపేశారు. ఆ చెడ్డపేరు వదలక అక్కడ ఈ మందుకు అనుమతి రావడానికి 1970 దాకా పట్టింది.

మన ఇళ్లలో ఇది వేరే దారిలో వస్తుంది. నాన్నగారికి బీపీ అని తేలుతుంది. మర్నాటి నుంచి ఇంటిల్లిపాదికీ ఆవకాయ బంద్, గోంగూర పచ్చడి బంద్, చల్ల మిరపకాయలు బంద్. లిథియం వాడే కొడుక్కి పదిహేను రోజుల్లో చేతులు వణకడం మొదలు. ఉప్పు ఎక్కువ తినమని నేను చెప్పడం లేదు, నెలనెలా ఒకేలా తినమంటున్నాను. ఏదైనా కారణంతో తగ్గించాల్సి వస్తే డాక్టరుకు చెప్పి, తగ్గించిన వారానికి లెవల్ చూపించుకోవాలి.

నీళ్లు మామూలు రోజుల్లో రెండున్నర నుంచి మూడు లీటర్లు. యార్డు పనిలో ఉంటే ఇంకో లీటరు, లీటరున్నర, అందులో కొంత ఉప్పు వేసిన మజ్జిగ. మూత్రం రంగు చూసుకోమనండి, లేత రంగులో ఉంటే చాలు, చిక్కటి పసుపుగా ఉంటే తక్కువ తాగుతున్నట్టు. లిథియం వల్ల దాహం ఎక్కువ, ఆ దాహానికి కూల్‌డ్రింకులు తాగి నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు పెరిగి, బరువు మందు మీద రుద్దేవాళ్లు చాలామంది. ఇప్పుడైతే పైన చెప్పినట్టు నేరుగా ఆసుపత్రికే. లెవల్ సరిగ్గా ఉన్న రోజుల్లో ఎప్పుడైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లిథియం ఆ పూట ఆపి, లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి తాగుతూ డాక్టరుకు ఫోన్ చేయాలి. అరగ్లాసులో చిటికెడు పొడి వేస్తే అది ఓఆర్ఎస్ కాదు.

నొప్పి మాత్రలు, బీపీ మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్, ఇవన్నీ కిడ్నీలోంచి లిథియం బయటికి పోకుండా అడ్డుపడతాయి. మెడికల్ షాపులో "నడుం నొప్పికి ఏదైనా ఇవ్వండి" అంటే వచ్చేది వీటిలో ఒకటే. అందులోనే పారాసిటమాల్ కూడా కలిపి ఉంటుంది కాబట్టి "పారాసిటమాలే కదా" అనుకుంటారు. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవాలి. ఒట్టి పారాసిటమాల్ అయితే ఇబ్బంది లేదు. జ్వరం, ఒళ్లు నొప్పులని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే పొడిచే సూది కూడా తరచూ డైక్లోఫెనాకే. జ్వరంలో ఎలాగూ తిండి, నీళ్లు తగ్గి ఉంటాయి, దాని మీద ఆ సూది. ఆసుపత్రికి వచ్చే విషలక్షణాల కేసులు చాలావాటికి వెనక కథ ఇలాగే ఉంటుంది. కావాలని మింగినవి వేరు.

బీపీ మందుల్లో టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లెవల్ పెంచుతాయి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ ఇంకా ఎక్కువ పెంచుతాయి. టెల్మిసార్టాన్ పేరు పక్కన హెచ్ అనే అక్షరం తగిలించి ఉంటే టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ రెండూ ఒకే మాత్రలో ఉన్నట్టు, లిథియానికి అది చెడ్డ జోడీ. మీ తమ్ముడికి ఎప్పుడైనా బీపీ వస్తే ఆమ్లోడిపిన్ లాంటిది కుదురుతుందేమో ఫిజీషియన్ని అడగండి. రోజుకి నాలుగైదు కప్పుల కాఫీ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేసినా లెవల్ కొంత పెరుగుతుంది. వింతగా ఉన్నా నిజమే.

షాపుల గురించి మరో మాట. లిథియం మామూలు మాత్ర 300లో వస్తుంది, నిదానంగా కరిగేవి 400లోనూ 450లోనూ వస్తాయి. "300 లేదు, 400 ఇస్తున్నా, ఒకటే" అంటే ఒప్పుకోవద్దు. మూడు మాత్రలు వేసుకునే మనిషి 900 నుంచి 1200కి ఎగబాకుతాడు, చీటీ మీద మాత్రం ఏమీ మారి ఉండదు. నిదానంగా కరిగే మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు. మర్చిపోయిన మాత్రను మర్నాడు రెండింతలు చేసి వేయకూడదు.

వణుకు. చేతులు చాచి వేళ్లు విడదీసి, వాటి మీద ఒక కాగితం పెట్టండి. కాగితం అంచు సన్నగా అదిరితే అది లిథియంతో మామూలుగా వచ్చే సన్న వణుకు. ప్రమాదం కాదు, కాకపోతే సంతకం చెడుతుంది, పెళ్లిచూపుల్లో కాఫీ కప్పు సాసర్లో గలగలలాడుతుంది. మోతాదు కొంచెం తగ్గించడం, మాత్రలన్నీ రాత్రికే మార్చడం, కాఫీ తగ్గించడం, అప్పటికీ తగ్గకపోతే ప్రొప్రనలాల్ తక్కువ మోతాదులో, ఈ వరసలో డాక్టరు చూస్తారు. ఆస్తమా ఉంటే ప్రొప్రనలాల్ పనికిరాదు, ఆ సంగతి ముందే చెప్పాలి. గ్లాసు పట్టుకోలేనంతగా చేయి ఊగిపోవడం, దానికి తూలుడు తోడవడం మాత్రం వేరే జాతి. అది లెవల్ ఎక్కువైందని ఒళ్లు చెప్పడం. అలాంటప్పుడు రిపోర్టు 1.1 అని ఉన్నా నమ్మేది ఒంటినే. ఆలస్యం చేస్తే చిన్నమెదడు శాశ్వతంగా దెబ్బతిని, లిథియం ఒంట్లోంచి పూర్తిగా పోయాక కూడా తూలుడు మిగిలిపోయినవాళ్లు ఉన్నారు.

కిడ్నీల మాట. మేనమామ గారు గాల్లో కబురు చెప్పడం లేదు. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కొందరికి కిడ్నీ పనితీరు వయసుకి మించి తగ్గుతుంది. డయాలసిస్ దాకా వెళ్లేది తక్కువమంది, అదీ సాధారణంగా దశాబ్దాల తర్వాత. ఎక్కువ దెబ్బ తీసేవి, లెవల్ మాటిమాటికీ హద్దు దాటడం, ఎవరూ చూడకుండా ఏళ్లు గడిచిపోవడం. 28 ఏళ్ల మనిషికి, క్రియాటినిన్ 0.9తో, 14 నెలల వాడకంలో కిడ్నీ పేరు చెప్పి మందు ఆపే పరిస్థితి లేదు. క్రియాటినిన్ ఒక్కటే కాకుండా ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే లెక్క) కూడా వేయమనండి. ఆరు నెలలకోసారి ఈజీఎఫ్ఆర్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాల్షియం. లెవల్ మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత నిలకడగా ఉంటే ఆరు నెలలకోసారి. వీటికి అదనంగా మన ఊళ్లకి నా సలహా, ఏప్రిల్ మొదట్లో ఒకటి, మే మధ్యలో ఒకటి. రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో తేదీల వరసలో పెట్టండి. ఈజీఎఫ్ఆర్ 60 కిందికి వచ్చినా, రిపోర్టు రిపోర్టుకీ జారుతున్నా అప్పుడు కిడ్నీ డాక్టరూ సైకియాట్రిస్టూ కలిసి తేలుస్తారు. టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ మాత్ర కలుపుతాం, సాధారణంగా లిథియం ఆపం.

రోజుకి రెండుసార్లు వేసుకునే మాత్రల్ని రాత్రి ఒక్కసారికే మార్చే వీలుందా అని కూడా అడగండి. పగటి వణుకు, రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రానికి లేవడం చాలామందిలో తగ్గుతాయి, కిడ్నీకీ మేలనే అభిప్రాయం ఉంది. ఒక్క షరతు, అలా మార్చాక పన్నెండు గంటల లెవల్ కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది, కంగారు పడకూడదు.

అసలు ఎప్పటికైనా ఆపొచ్చా? రెండు మేనియాలు వచ్చిన మనిషికి పద్నాలుగు నెలలు చాలవు. బాగున్నాడు కాబట్టి ఆపుదాం అనిపిస్తుంది, మందు పనిచేస్తోంది కాబట్టి బాగున్నాడు. మేనియా, డిప్రెషన్, మధ్యలో పూర్తిగా మామూలుగా ఉండటం, ఇలా విడివిడిగా నడిచే జబ్బుకి లిథియం బాగా పట్టుతుంది. మీ తమ్ముడిది ఆ తరహాగానే ఉంది. ఇంత బాగా పట్టేది ముగ్గురిలో ఒకరికి. ఆ వరుసలో ఉన్న మనిషి దగ్గర్నుంచి మందు లాక్కునే ముందు చాలా ఆలోచించాలి. 2010లో లాన్సెట్‌లో వచ్చిన బ్యాలెన్స్ అధ్యయనం జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో ఇదే జబ్బుకి వాడే వాల్‌ప్రోయేట్ ఒక్కటే వేయడం కన్నా లిథియమే మెరుగని చూపింది. 2013లో సిప్రియాని బృందం పాత ట్రయల్స్‌నన్నిటినీ కలిపి చూసి, లిథియం మీద ఉన్నవాళ్లలో ఆత్మహత్యలు తక్కువని తేల్చింది. కిడ్నీ లెక్క వేసేటప్పుడు ఈ లెక్క కూడా తక్కెడలో ఉండాలి.

ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో 1990ల్లో బాల్డెసరిని బృందం విడిగా చూసింది. రెండు వారాల్లోపు ఆపేసినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం, నిదానంగా తగ్గించినవాళ్లకన్నా బాగా ఎక్కువ. ముఖ్యంగా మొదటి కొన్ని నెలల్లో మేనియా. ఏ కారణంతోనైనా ఆపాల్సి వస్తే కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలలు తీసుకుని మెట్లుమెట్లుగా దించుతాం. విషలక్షణాలు వచ్చినప్పుడు మాత్రం ఈ నియమం వర్తించదు, అప్పుడు వెంటనే ఆపాల్సిందే.

మన ప్రాంతంలో మందు ఆగిపోయే సందర్భాలు కూడా తెలిసినవే. అయ్యప్ప మాల, భవానీ మాల వేసుకుని "దీక్షలో ఇంగ్లీషు మందులెందుకు" అనుకోవడం. కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభ కట్టడంలో రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోవడం. రంజాన్ ఉపవాసాల్లో ఎండపూట నీళ్లు లేకపోవడం. దీక్ష చేసుకోవచ్చు, మాత్ర రాత్రి అల్పాహారం తర్వాతో ఇఫ్తార్ తర్వాతో వేసుకోవచ్చు. ముందు నెలలోనే డాక్టరుకు చెప్పి సమయాలు సర్దుకోవాలి. జాగరణ మాత్రం వద్దంటాను. బైపోలార్ ఉన్న మనిషికి ఒక్క రాత్రి నిద్ర పోయినా మేనియాకి తలుపు తీసినట్టవుతుంది. సీజన్లో తెల్లవారుజామున యార్డుకి వెళ్లాలంటే రాత్రి తొమ్మిదికే పడుకోవాలి. వరసగా రెండు రాత్రులు నాలుగు గంటలే పడుకుని, అయినా హుషారుగా లేచాడంటే, మాటల వేగం చూడకముందే డాక్టరుకు ఫోన్ చేయండి.

పెళ్లి గురించి రెండు ముక్కలు. దాచి చేసిన పెళ్లిళ్లలో మొదట ఆగేది మాత్రే, ఎందుకంటే కొత్త కోడలి ముందు డబ్బా తీయలేడు. పెళ్లి పనుల్లో నిద్ర ఉండదు, మాత్ర ఉండదు. నెల తిరక్కుండా ఆసుపత్రి. అవతలివాళ్లకి జబ్బు పేరు, మందు పేరు చెప్పి, కావాలంటే డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. ఇలా చెప్పి చేసుకున్నవాళ్లు చాలామంది చక్కగా కాపురం చేస్తున్నారు. పిల్లలకి జబ్బు రావడం మాట అడిగారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే మామూలువాళ్లకన్నా అవకాశం ఎక్కువే, అయినా అలాంటి పిల్లల్లో ఎక్కువమందికి రాదు.

రాత్రివేళ ఎవరినీ అందుకోలేకపోతే, చచ్చిపోవాలనే మాటలు వినిపిస్తే, టెలీ మానస్ 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. మాట ముద్ద, తూలుడు లాంటి వాటికి మాత్రం అది కాదు, 108 పిలవండి.

రేపటి రిపోర్టు వచ్చాక ఇక్కడ రాస్తే చూస్తాను. అంకె ఒక్కటే రాయకండి. రాత్రి మాత్రలు ఎన్నింటికి, ఎన్ని వేశాడు, రక్తం ఎన్నింటికి ఇచ్చాడు, నొప్పి మాత్ర ఆఖరుది ఎప్పుడు, గొట్టం మూత ఏ రంగు, ఇవన్నీ రాయండి.